ఇరవై నంబరు మేస్త్రి

ముందు ఫోర్కుల మేస్త్రిని అసలు పేరుతో పిలిచేవి ఊళ్లో రెండే మిగిలాయి: కరెంటు బిల్లు, ఓటర్ల జాబితా. మిగతా జనానికంతా ఆయన ఇరవై మేస్త్రి. మోటారు సైకిలు ముందు చక్రాన్ని అటూ ఇటూ పట్టుకుని రెండు గొట్టాలుంటాయి, వాటినే ఫోర్కు అంటారు. వాటిలో స్ప్రింగులతోపాటు కాస్త ఆయిల్ ఉంటుంది. చక్రం గుంటలో పడి లేచినప్పుడు స్ప్రింగు ఇష్టమొచ్చినట్టు గెంతకుండా పట్టి ఆపేది ఆ ఆయిలే. పలచటిది అయిదో నంబరు. అక్కణ్ణించి పది, పదిహేను, ఇరవై అంటూ చిక్కబడుతూ పోతుంది. మేస్త్రి షెడ్డులో మాత్రం లెక్క ఇరవైతో మొదలై ఇరవైతోనే ముగిసేది. ఏ బండి వచ్చినా, ఎవరి బండి వచ్చినా, పాత ఆయిల్ దింపి ఇరవై పోయడమే.

ఎందుకని అడిగితే ఒకటే జవాబు. "గట్టిగా ఉంటుంది."

గట్టి అన్న మాటకు జనం ఇచ్చే మర్యాద అంతా ఇంతా కాదు. మంచం గట్టిగా ఉంటే నడుముకు మంచిదంటారు, పంతులు గట్టిగా ఉంటే పిల్లలకు మంచిదంటారు. అలా అనేవాళ్లెవరూ ఆ మంచం మీద పడుకోరు, ఆ బడికీ వెళ్లరు. ఫోర్కు సంగతీ అంతే. ముందుభాగం రాయిలా ఉంటే బండి దిట్టంగా ఉందని యజమాని మురిసిపోతాడు. దంతాలు కదులుతున్నా సరే.

షెడ్డు పెద్దదేం కాదు. రెండు బళ్లు పక్కపక్కన నిలబడితే మనిషి పక్కకు తిరిగి నడవాలి. గోడ మీద స్పానర్లు సైజుల వారీగా వేలాడుతుంటాయి. ప్రతిదాని వెనకా దాని ఆకారంలోనే తెల్లరంగు గీత ఉంటుంది. తీసినవాడు తిరిగి పెట్టకపోతే గోడే చాడీ చెబుతుంది. ఆయిల్ మట్టం చూడ్డానికి స్టీలు స్కేలు, పోయడానికి గీతలున్న గాజు గ్లాసు. రెండు గొట్టాల్లోనూ వెంట్రుకవాసి తేడా లేకుండా పోసి, పాతికసార్లు పైకీ కిందికీ ఆడించి, లోపలి గాలి బుడగలన్నీ వెళ్లగొట్టాకే మూత బిగిస్తాడు. పనిలో వంక పెట్టడానికి ఏమీ లేదు, పోసే ఆయిల్ తప్ప.

పని ముగిశాక పరీక్ష. బండి స్టాండు దింపి, ముందు బ్రేకు నొక్కిపట్టి, హ్యాండిల్ మీద తన ఒళ్లంతా మోపుతాడు. ఆ ఒళ్లు తొంభై ఆరు కిలోలు. ఫోర్కు తొణక్కుండా దిగి తొణక్కుండా లేస్తే, బండెక్కి వంతెన దాకా వెళ్లొచ్చి, హెల్మెట్ తియ్యకుండానే తీర్పు చెబుతాడు. ఇరవై ఆరేళ్లుగా ఒక్క బండి కూడా ఈ పరీక్ష తప్పించుకుని బయటికి పోలేదు. ఆయన దగ్గరికి ఎక్కువగా వచ్చేది గ్యాసు బండలు మోసేవాళ్లు, పాలక్యాన్లు కట్టుకునేవాళ్లు, సిమెంటు బస్తా మీద మనిషిని కూర్చోబెట్టుకునేవాళ్లు. వాళ్లకు ఇరవయ్యే సరిపోయేది. వాళ్ల పొగడ్తలతో మేస్త్రి పేరూ చిక్కబడింది.

ఎప్పుడైనా ఓ పీలమనిషి వచ్చి, "మేస్త్రీ, చేతులు కాస్త అదురుతున్నాయి" అంటే, ఆ బండి తీసుకుని తనే మళ్లీ వంతెన దాకా వెళ్లొచ్చేవాడు.

"నాకేం అదరలేదే!"

ఆయనకు నిజంగానే అదరలేదు మరి.

మేస్త్రి భార్య పోస్టు పంచుతుంది. నలభై ఏడు కిలోల మనిషి. పందొమ్మిదేళ్లుగా ఆమెది ఒకటే బీటు: రాళ్లు పరిచిన పాతవీధి, పాల డైరీ సందు, వంతెన అవతల మెరక మీది ఇళ్లు. ఏ గుమ్మంలో కుక్క నిజంగా కరుస్తుందో, ఏ గుమ్మంలో ఊరికే అరుస్తుందో ఆమెకు తెలుసు. ఏ ఇంట్లో ముసలాయన, కొడుకు రాసిన ఉత్తరం అందుకుని చదవకుండా జేబులో పెట్టుకుంటాడో తెలుసు. బీటు అన్నది ఆమెకు ఉద్యోగంలో భాగం కాదు, ఉద్యోగమే బీటులో ఓ భాగం.

పాత స్కూటరు ఇక లేవనని మొరాయిస్తే, చలికాలం మొదట్లో డిపార్ట్‌మెంటు ఆమెకు కొత్త మోటారు సైకిలు ఇచ్చింది. సీటు మీది ప్లాస్టిక్ కవరు ఇంకా ఊడనేలేదు, ఆ సాయంత్రమే మేస్త్రి ముందుభాగం విప్పేశాడు.

"కొత్త బండండీ, దాన్నెందుకు విప్పుతారు?" అందామె.

"కంపెనీవాళ్లు నీళ్లు పోసి పంపిస్తారోయ్. నీకు తెలీదు."

కంపెనీ ఆయిల్ బకెట్లోకి దింపి, ఇరవై పోశాడు. పైగా సొంత మనిషి బండి కదా అని గొట్టానికి పది మిల్లీలీటర్లు ఎక్కువే పోశాడు. ఆయనకు పువ్వులు కొనే అలవాటు లేదు. ప్రేమ పొంగుకొస్తే చేతికి దొరికేది ఆ గాజు గ్లాసే.

నెల తిరిగేసరికి ఆమె మణికట్లు నొప్పి పెట్టడం మొదలైంది. రెండో నెలకు వాచాయి. డిపార్ట్‌మెంటు డాక్టరు అటూ ఇటూ వంచి చూసి, కట్టు కట్టి, కాగితం మీద తారీఖు వేశాడు. మూడు వారాల తర్వాత మళ్లీ చూస్తాడు. వాపు అలాగే ఉంటే బండి మాన్పించి లోపలి కౌంటరుకు మార్చమని రాసేస్తాడు.

"లోపలైతే ఎండా వానా ఉండవు కదోయ్" అన్నాడు మేస్త్రి, ఓదార్పు అనుకుని.

"అక్కడేం చేయిస్తారో తెలుసా? ముద్రలు కొట్టిస్తారు. రోజుకు రెండువేలు. ముద్రలు కొట్టడానికి మణికట్టు అక్కర్లేదా, మోకాలితో కొట్టమంటారా?"

మేస్త్రి నోరు మూసుకున్నాడు. ఆ రాత్రి భోజనాల దగ్గర ఆమె గ్లాసు రెండు చేతుల్తో ఎత్తడం చూసి ఇంకా గట్టిగా మూసుకున్నాడు. మర్నాటి నుంచీ బండి మీద పడ్డాడు. హ్యాండిల్‌కు మెత్తటి రబ్బరు తొడుగులు వేశాడు. చేతులకు దళసరి గ్లవ్స్ తెచ్చాడు. అద్దాలు సర్దాడు, సీటు ఎత్తాడు, దించాడు, మళ్లీ ఎత్తాడు. సాయంత్రాలు వేడినీళ్లలో గుడ్డ ముంచి కట్టు కట్టాడు. చెయ్యగలిగిందల్లా చేశాడు, ఆయిల్ జోలికి మాత్రం పోలేదు. తను పోసిన ఆయిల్ కదా, దాంట్లో చూడ్డానికేముంది?

అంతలో బండి వెనక టైరును గాజుపెంకు కోసేసింది. కొత్త టైరు వచ్చేదాకా మూడు రోజులు ఆమె ఆఫీసులో ఉత్తరాలు విడదీసే సార్టరుగారి బండి అడిగి తీసుకుంది.

మూడో రోజు సాయంత్రం మేస్త్రి వంటింటి గడప మీద కూర్చుని గోళ్లలో గ్రీజు తీసుకుంటున్నాడు. ఆమె కాఫీపొడి సీసా అందుకుంది. నెల రోజులుగా ఆ సీసా మూత తియ్యడం ఆయన పని. అలవాటుగా చెయ్యి చాపాడు. ఆమె అటు చూడకుండానే మూత తిప్పి, పొడి వేసి, మళ్లీ బిగించేసింది.

చాపిన చెయ్యి కాసేపు అలాగే ఉండిపోయింది.

"తీశావా?"

"తీశాను."

"నొప్పి?"

"లేదండీ. నిన్నటి నుంచీ లేదు. నాకూ విచిత్రంగానే ఉంది."

మేస్త్రి గోళ్లు చూసుకున్నాడు. "ఆ సార్టరు బండి ఫోర్కు ఎవరు చేశారు?"

"ఎవరూ చెయ్యలేదు. కొని ఆరేళ్లయిందట, ఒక్క మేస్త్రి చెయ్యి కూడా పడలేదట. ఆయన పిసినారితనం మీకు తెలీదా?"

బస్టాండు దగ్గరి మేస్త్రి చేశాడని చెప్పి ఉంటే తట్టుకునేవాడు. వాణ్ణి నాలుగు తిట్టి, మనసులో రెండు మెచ్చుకుని ఊరుకునేవాడు. ఎవరూ ముట్టని బండి తన చేతి పనికన్నా సుఖంగా ఉందనడం మాత్రం ఆయనకు తల కొట్టేసినట్టయింది. అంటే తను ఏమీ చెయ్యకుండా ఉండి ఉంటే ఇంతకన్నా బాగా చేసినట్టు!

మర్నాడు పొద్దున్నే సార్టరుగారి ఇంటికి వెళ్లాడు. ఆయన పళ్లు తోముకుంటూ గేటు దగ్గరికి వచ్చాడు.

"ఏం లేదండీ, మీ బండి ఒక్కసారి నొక్కి చూస్తాను."

"నొక్కితే డబ్బులేం అడగవు కదా?"

మేస్త్రి బ్రేకు పట్టి ఒళ్లు మోపాడు. ఫోర్కు మెత్తగా కుంగి, అడుగు దాకా వెళ్లి, టక్కున ఆగింది. మేస్త్రి మొహం వెలిగింది. ఇది ఫోర్కు కాదు, పరుపు! ఇంత చేతకాని ఫోర్కు మీద ఆవిడ మణికట్లు బాగుపడ్డాయంటే అది విశ్రాంతి అయినా అయ్యుండాలి, వేడినీళ్ల గుడ్డ అయినా అయ్యుండాలి. గుండె నిబ్బరం చేసుకుని షెడ్డుకు వచ్చేశాడు. కొత్త టైరు బిగించాడు. ఆమె మళ్లీ తన బండి ఎక్కింది. రెండో రోజుకల్లా కాఫీపొడి సీసా మళ్లీ ఆయన చేతికి వచ్చింది.

డాక్టరు పెట్టిన గడువులో ఇంకా పన్నెండు రోజులే ఉన్నాయి.

షెడ్డు పక్క గది బావమరిది టైలరు దుకాణం. రెండింటికీ మధ్య గోడ ఒకటే, అదీ పైకప్పు దాకా లేదు. కాబట్టి మేస్త్రి గొణుక్కున్నదంతా టైలరుకు అందుతుంది, టైలరు వెటకారం అంతా మేస్త్రికి తగులుతుంది.

"ఏమిటి బావా, మూడ్రోజుల్నించీ గోడతో మాట్లాడుతున్నావు?"

మేస్త్రి చెప్పుకున్నాడు. చెప్పేటప్పుడు తనవైపు కాస్త ఎక్కువే మొగ్గాడు. సార్టరు బండిని నొక్కితే అడుగంటిన సంగతి రెండుసార్లు చెప్పాడు.

"నువ్వు నొక్కితే."

"నేను నొక్కితేనే. మరి సార్టరు పెళ్లాం వచ్చి నొక్కుతుందా?"

టైలరు కత్తెర కింద పెట్టాడు. "బావా, ఇరవై ఆరేళ్లుగా నువ్వు చేస్తున్నది ఇదేనా? ఎవరి బండయినా నువ్వెక్కి చూసుకుంటావా? నేను నా ఛాతీ కొలుచుకుని ఊరందరికీ చొక్కాలు కుడితే ఎలా ఉంటుందో అలా ఉంది."

"చొక్కా వేరు, ఫోర్కు వేరురా."

"నిజమే. చొక్కా బిగుతైతే గుండీ ఊడుతుంది. మా అక్కకు చేతులు ఊడుతున్నాయి."

మేస్త్రికి కోపం వచ్చింది. కోపం వచ్చినప్పుడు ఆయన తన బొటనవేలు గుర్తు చేసుకుంటాడు. ఆయిల్ చుక్కను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రుద్ది నంబరు చెప్పగలనని ఆయన ధీమా. "ఒరేయ్, ఈ వేలు అబద్ధం చెప్పదు" అన్నాడు. అనుభవం అన్న మాట వినగానే లేచి నిలబడే రకం కాదు టైలరు. స్పేర్‌పార్ట్స్ దుకాణానికి వెళ్లి, మూడు రకాల ఆయిల్ బొట్టు బొట్టు అడిగి, గుండీల డబ్బీల మూతల్లో పట్టుకొచ్చాడు. మేస్త్రి కళ్లు మూసుకుని రుద్దాడు.

"అయిదు. ఇది పదిహేను. ఇది పది."

మూడూ సరిగ్గా చెప్పాడు. టైలరు ఓ క్షణం మెచ్చుకోలుగా చూశాడు. వెంటనే సర్దుకుని, "అయితే ఆయిల్ సంగతి నీకు క్షుణ్ణంగా తెలుసన్నమాట" అన్నాడు. "ఇంక మనుషుల సంగతి ఒక్కటే మిగిలింది."

అలా అంటూనే సొరుగులోంచి వెడల్పు తక్కువ ఎలాస్టిక్కు ఒకటి కత్తిరించాడు. సాయంత్రం అక్క బీటు నుంచి రాగానే ఆమె బండి ఫోర్కు పై గొట్టానికి ఎలాస్టిక్కు బిగుతుగా చుట్టి, కింది గొట్టం అంచుకు ఆనించాడు. ఫోర్కులో సన్నటి పై గొట్టం కింది గొట్టంలోకి దిగుతుంది కాబట్టి, కింది గొట్టం ఎంత పైకి లేస్తే అంత మేరా ఎలాస్టిక్కును నెట్టుకుపోతుంది. తిరిగి దిగినా ఎలాస్టిక్కు అక్కడే నిలిచిపోతుంది. ఫోర్కు ఎంత కుంగిందో దాన్ని చూసి చెప్పొచ్చు. ఈ ఉపాయం మేస్త్రికి తెలియంది కాదు. తెలిసినదాన్ని వాడుకోవాల్సిన అవసరం ఇన్నాళ్లూ రాలేదంతే.

మొదట మేస్త్రి ఎక్కాడు. రాళ్ల వీధి గుండా వంతెన దాకా వెళ్లి వచ్చాడు. టైలరు మోకాళ్ల మీద కూర్చుని టేపు పెట్టాడు.

"నూట అయిదు మిల్లీమీటర్లు. బావకు ఒంటికి పట్టినట్టు కుదిరింది."

ఎలాస్టిక్కు మళ్లీ కిందికి జరిపి అక్క చేతికి బండి ఇచ్చాడు. ఆమె అదే వీధి, అదే వంతెన తిరిగి వచ్చింది.

"ముప్ఫై ఎనిమిది."

"నెమ్మదిగా వెళ్లి ఉంటుంది" అన్నాడు మేస్త్రి.

"నెమ్మదా!" ఆమె హెల్మెట్ తీసి హ్యాండిల్‌కు తగిలించింది. మళ్లీ తగిలించిన హెల్మెట్ తీసి పెట్టుకుంది. ఈసారి వెళ్లడం చూసి పక్క దుకాణాలవాళ్లు గుమ్మాల్లోకి వచ్చారు. రాళ్ల మీద బండి ముందుచక్రం చెక్కమీద సుత్తి కొట్టినట్టు టకటకలాడుతూ పోయింది, అలాగే వచ్చింది.

"నలభై ఒకటి" అన్నాడు టైలరు. "ఈ మూడు మిల్లీమీటర్లు కోపంవి."

ఆమె గ్లవ్స్ విప్పుతోంది. వాచిన మణికట్టు దగ్గర గ్లవ్ ఇరుక్కుంటే పళ్లతో లాగింది. మేస్త్రి అది చూశాడు. ముందు ఎలాస్టిక్కును చూశాడు, తర్వాత ఆ చెయ్యిని చూశాడు. ఫోర్కు మింగాల్సిన దెబ్బలు ఇన్నాళ్లూ ఎక్కడికి పోయాయో ఇంకెవరూ టేపు పెట్టి చెప్పక్కర్లేదు.

ఆమెతో ఏదో ఒకటి అనాలనిపించింది. అన్నాడు కూడా. "ఈమధ్య ఆయిల్ కంపెనీవాళ్లు సరుకు మార్చినట్టున్నారు."

"అవునండీ" అందామె. "రెండు నెలలు వరసగా మార్చారు."

స్ప్రింగు మారిస్తే సగం బాధ వదిలేది. కానీ డిపార్ట్‌మెంటు బండిలో ఓ మేకు మార్చాలన్నా మూడు సంతకాలు కావాలి. మేస్త్రి చేతిలో ఉన్నది ఆయిల్ ఒక్కటే. స్పేర్‌పార్ట్స్ దుకాణానికి వెళ్లాడు. అక్కడి గల్లాపెట్టె దగ్గరావిడ ఆయన మెట్టెక్కుతుండగానే ఇరవై డబ్బా అందుకుంది.

"అది కాదు చెల్లెమ్మా. అయిదు ఇవ్వు."

"అయిదు లీటర్లా?"

"అయిదో నంబరు."

ఆవిడ డబ్బా కింద పెట్టి ఆయన్ని ఎగాదిగా చూసింది. "ఒంట్లో బాగానే ఉందా అన్నా?"

"ఎవరో కస్టమరు అడిగాడులే."

నమ్మకం విరిగినవాళ్లు మధ్యలో ఆగరు, ఆ చివరి నుంచి నేరుగా ఈ చివరికి దూకుతారు. చిక్కనిది తప్పయితే అన్నిటికన్నా పలచనిదే ఒప్పు అయ్యుండాలని మేస్త్రి లెక్క. ఆ సాయంత్రమే ఇరవై దింపి అయిదు పోశాడు. పరీక్షకు తనే ఎక్కబోయి, ఆగి, దిగాడు. ఇరవై ఆరేళ్లలో మొదటిసారి ఓ బండి ఆయన ఎక్కకుండా షెడ్డు దాటింది.

మర్నాడు మధ్యాహ్నానికే ఆమె వచ్చి బండిని షెడ్డు ముందు అడ్డంగా నిలబెట్టింది.

"ఏవండీ, చేతులకు హాయిగానే ఉంది. కానీ బ్రేకు వేస్తే చాలు, బండి వంగి కాళ్లకు దండం పెడుతోంది. బడి ముందు పిల్లలు అడ్డొస్తే ఆపాను, వెనక సంచీ నా వీపెక్కింది. వంతెన అతుకు దాటాక ఇంకా మూడుసార్లు ఊగుతోంది. ఇదేం ఊయల?"

మేస్త్రి అలవాటు కొద్దీ "నాకేం..." అని మొదలెట్టి, అక్కడితో ఆపేశాడు. తను ఎక్కలేదు కదా! ఏం చెప్పాలన్నా ముందు అడగాలి. అడగడం ఆయనకు కొత్త విద్య. గొంతు సవరించుకున్నాడు.

"చిన్న రాళ్ల దగ్గర ఎలా ఉంది? పెద్ద గుంట దగ్గర ఎలా ఉంది? విడివిడిగా చెప్పు."

ఆమె ఒక్క క్షణం ఆయన్ని వింతగా చూసింది. పెళ్లయి ముప్ఫై ఏళ్లయింది, ఆమె చెప్పేది విడివిడిగా వినాలని ఆయనకు ఇంతవరకు తోచలేదు. అవకాశం దొరికింది కదా అని వదల్లేదు. డైరీ సందు, మెరక మలుపు, వంతెన అతుకు, పాతవీధిలో మందులషాపు ముందు లేచిన మూడు రాళ్లు, ఒక్కోటీ వర్ణించి చెప్పింది. మేస్త్రి బిల్లుల పుస్తకం వెనక రాసుకున్నాడు. గోడ మీంచి టైలరు తల పైకి లేచింది.

"కొలతలు తీసుకుంటున్నావా బావా? మెడ దగ్గర వదులు పెట్టమందా?"

"నువ్వు కుట్టుకోరా."

మూడో రోజు పది నంబరు పోశాడు. దండాలు తగ్గాయి, ఊయల ఆగింది. సాయంత్రం ఆమె బాగుందంది. అయితే మర్నాడు ఆమె మొహంలో తేడా కనిపించింది.

"మధ్యాహ్నం బాగుంటోందండీ. పొద్దున్న ఆరింటికి వెళ్తున్నప్పుడు మాత్రం రాళ్లు మళ్లీ చేతుల్లోకి కొడుతున్నాయి. ఎనిమిదయ్యేసరికి సర్దుకుంటోంది."

"అదెలా? పొద్దున్న ఒక ఆయిలూ మధ్యాహ్నం ఒక ఆయిలూ ఉంటుందా?" అన్నాడు కానీ, మాట నోట్లోంచి వస్తుండగానే గతుక్కుమన్నాడు. ఉంటుంది. చలికి ఆయిల్ బిగుసుకుంటుంది. ఆ సంగతి తెలియకపోవడానికి ఆయనేం పసివాడా? కాకపోతే షెడ్డు తలుపులు తీసేదే పదింటికి. ఆయన పరీక్షించిన వేల బళ్లలో పొద్దెక్కక ముందు నొక్కింది ఒక్కటీ లేదు.

మర్నాడు తెల్లవారుతుండగా ఆమె లేచి చూస్తే మంచం మీద మొగుడు లేడు. వాకిట్లో మంకీక్యాప్ పెట్టుకుని బండి హ్యాండిల్ మీద రెండు వేళ్లు మాత్రం ఆనించి, కింద నుంచి పైకీ పై నుంచి కిందికీ దాన్ని బుజ్జగిస్తున్నాడు. ఒళ్లు మోపడం లేదు.

"ఏం చేస్తున్నారు?"

"నువ్వయితే ఎంత నొక్కుతావో అంత నొక్కుతున్నాను."

"నేను అంత భయంభయంగా నడపనండీ" అంటూ ఆమె లోపలికి వెళ్లింది, నవ్వు కనబడకుండా.

ఆ రోజు మేస్త్రి ఒకే కంపెనీ పదినీ అయిదునీ గాజు గ్లాసులో సగం సగం పోసి కలిపాడు. చుక్క తీసి వేళ్ల మధ్య రుద్దాడు. ఆ చిక్కదనానికి ఆయన వేలి దగ్గర నంబరు లేదు. మట్టం స్టీలు స్కేలుతో కొలిచి, కంపెనీ పుస్తకంలో రాసిన గీత దగ్గరే ఆపాడు. ఆ పది మిల్లీలీటర్ల ప్రేమ ఈసారి బకెట్లోకి పోయింది.

వారం రోజులు అలాగే నడిచింది. ఆమె సాయంత్రాలు వచ్చి చెప్పేది, ఆయన రాసుకునేవాడు. ఐదో రోజు చెప్పడానికి ఏమీ లేకపోయింది. ఆయన ఖాళీ పేజీ తెరిచి పెట్టుకుని, "అయినా ఏదో ఒకటి ఉంటుంది, గుర్తు తెచ్చుకో" అని బతిమాలాడు. ఇంతలో అడిగే జబ్బు షెడ్డుకూ పాకింది. ఫోర్కు చేయించుకోడానికి వచ్చిన లెక్కల పంతులమ్మను, "మీ బరువెంత మేడమ్?" అని మొహం మీదే అడిగేశాడు. ఆవిడ బండి స్టార్టు చేసుకుని వెళ్లిపోయింది. టైలరు గోడ అవతల పొట్ట పట్టుకుని, "టేపు చేతిలో ఉంచుకుని అడగాలి బావా, అప్పుడు ఏమీ అనుకోరు" అని సలహా ఇచ్చాడు.

డాక్టరు చెప్పిన రోజు వచ్చింది. మేస్త్రి షెడ్డు మూసి ఆసుపత్రికి బస్సులో వెళ్లాడు. ఆమె బీటు సగంలో ఆపి బండి మీద వచ్చింది. వరండాలో బెంచీ మీద ఇద్దరూ కూర్చున్నారు. పిలుపు రాగానే ఆమె లోపలికి వెళ్లింది. తలుపు మూసుకుంది. మేస్త్రి ఎదురుగోడ మీది ఎముకల బొమ్మలో మణికట్టు దగ్గర చిన్న చిన్న ఎముకలు లెక్కపెట్టాడు. ఎనిమిది వచ్చాయి. ఎనిమిది ముక్కల మీద ఇరవై నంబరు. మళ్లీ లెక్కపెట్టాడు, తగ్గుతాయేమోనని.

ఆమె బయటికి వచ్చింది. చేతికి కట్టు లేదు.

"ఏమన్నాడు?"

"వాపు పోయిందన్నాడు. బీటు ఉంచమని రాశాడు."

మేస్త్రి లేచాడు. మళ్లీ కూర్చున్నాడు. "ఇంకేమన్నా అడిగాడా?"

"ఏ మందు వాడావని అడిగాడు. మందు కాదండీ, బండి ఆయిల్ మార్చామన్నాను. ఎవరు మార్చారన్నాడు. మా ఆయనే అన్నాను. మంచి మేస్త్రిని కట్టుకున్నావమ్మా అన్నాడు."

"అంతకుముందు పోసింది ఎవరో..."

"అడగలేదు."

"నువ్వు చెప్పలేదా?"

"అడగందే ఎందుకు చెప్తాను? పదండి."

ఆమె వరండా సగం దాటాక వెనక్కి చూస్తే మొగుడు పక్కన లేడు. డాక్టరు గది తలుపు సగం తెరుచుకుని ఉంది. స్టూలు మీద ఎవరో పెద్దాయన నాలుక బయటపెట్టి కూర్చున్నాడు. గుమ్మం నిండా నిలబడి మేస్త్రి చెబుతున్నాడు.

"డాక్టరుగారూ, ఒక్క మాట. ముందు పోసింది కూడా నేనేనండీ. ఇరవై పోశాను. పైగా పది మిల్లీలీటర్లు ఎక్కువ."

డాక్టరు టార్చి లైటు పట్టుకున్న చెయ్యి అలాగే ఉంచి, "ఎవరికి పోశారు?" అన్నాడు కంగారుగా.

"మా ఆవిడ బండికండీ. రెండు నెలల నొప్పి నా వల్లే. మీ కాగితంలో రాసుకుంటే బాగుంటుందని."

"రాస్తాను" అన్నాడు డాక్టరు, వదిలించుకునే మనిషి గొంతుతో. స్టూలు మీది పెద్దాయన నాలుక లోపలికి తీసుకుని, "ఏ బండి?" అని అడిగాడు.

ఆమె మేస్త్రిని గేటు దాకా నడిపించుకొచ్చింది. బండి తాళం తిప్పాక అంది.

"ఆ మాట నాకు చెబితే సరిపోయేది కదండీ."

"నీకు తెలుసుగా."

"తెలుసు. అయినా చెప్పొచ్చు."

మేస్త్రి అటూ ఇటూ చూశాడు. గేటు దగ్గర కాపలావాడు తప్ప ఎవరూ లేరు. "నా వల్లే" అన్నాడు. ఆ రెండు మాటలూ చెప్పడానికి డాక్టరు ముందు పట్టినదానికన్నా ఎక్కువసేపే పట్టింది. చెప్పేశాక తేలికపడి, చనువుగా వెనకసీటు మీద చెయ్యి వేశాడు. "వంతెన దాకా దింపుతావా?"

ఆమె సీటునూ చూసింది, మొగుణ్ణీ చూసింది.

"ఇది నా బరువుకు పెట్టిన బండి మేస్త్రిగారూ. మీరు బస్సులో రండి."

బండి కదిలింది. గేటు బయట రోడ్డుకు అడ్డంగా స్పీడ్‌బ్రేకరు ఉంది. మేస్త్రి కాలిబాట మీద మునివేళ్ల మీద లేచి మరీ చూశాడు. ముందుచక్రం దానిమీద ఎక్కింది. ఫోర్కు మెత్తగా దిగింది, లేచింది, ఒక్కసారికే నిలిచింది. ఆమె చేతులు కదల్లేదు.

బస్టాపులో నిలబడ్డ ముసలమ్మ ఆయన్ని మోచేత్తో పొడిచింది. "బస్సు వచ్చింది నాయనా, ఎక్కు."

"ఒక్క నిమిషం అమ్మా" అన్నాడు మేస్త్రి. ఆమె వెళ్లే దారిలో ఇంకో స్పీడ్‌బ్రేకరు ఉంది.